కింద నుంచి కోసిన పేరా

మా పత్రికలో వార్త పేజీలో పట్టకపోతే కింద నుంచి కోస్తారు. ముఖ్యమైనది పైన, పోయినా ఫర్వాలేనిది అడుగున అని ఉద్యోగంలో చేరిన రోజే నేర్పిస్తారు. అందుకే ఆఖరి నిమిషంలో యాడ్ వచ్చి పడితే ఎవరూ తల పట్టుకోరు, చివరి పేరా ఎగిరిపోతుంది. మా డెస్క్ ఇన్‌చార్జిని కత్తెర సార్ అంటాం. ముఖం మీదే అంటాం. ఆయనేమో బిరుదిచ్చినట్టు మురిసిపోతాడు.

నేను పదకొండేళ్లుగా ఆరోగ్యం పేజీ చూస్తున్నాను. డాక్టర్ని కాను, పేజీ నింపేదాన్ని. ఆ మంగళవారం మధ్యాహ్నం ఒక యూనివర్సిటీ పంపిన ప్రెస్‌నోట్ నా ముందుంది. పంతొమ్మిది మంది విద్యార్థులకు బీట్‌రూట్ రసం తాగించారు. మూడు గంటల తర్వాత చూస్తే రక్తపోటు కాస్త తగ్గింది. ఇంతే సంగతి. నాలుగు పేరాలు రాశాను. నాలుగో పేరాలో, వీళ్లలో ఎవరికీ బీపీ లేదని, మందులు వాడేవాళ్లు వాటిని మానకూడదని పరిశోధకురాలు చెప్పిన మాట పెట్టాను. 'బీట్‌రూట్ రసం బీపీకి మంచిదేనా?' అని హెడ్డింగ్ పెట్టాను.

కత్తెర సార్ నా వెనక నిలబడి చదివాడు. "ప్రశ్నేంటమ్మా? డబ్బులిచ్చి పేపరు కొన్నవాణ్ణి మనం ఎదురు ప్రశ్నలడగడమేంటి?" అంటూ వంగి తనే టైపు చేశాడు: 'బీపీ మాత్రకు సెలవు! గ్లాసు రసం చాలు.'

"మరీ ఇంతా సార్?"

"ముందు జనం చదవాలి కదా. నీ జాగ్రత్తలన్నీ అడుగున ఉన్నాయిగా!"

గోరంతను కొండంత చేయడం మాకు కొత్త కాదు. సరేలే అనుకున్నాను. అరగంటకు పరుపుల కొట్టు యాడ్ వచ్చింది. పేరా కోసింది కత్తెర సార్ కాదు, నేనే. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఏం కోస్తున్నానో కళ్లెత్తి చూడను కూడా లేదు.

మా బావ సిటీ బస్సు డ్రైవరు. అక్క పెళ్లినాటికి నేను రెండు జడల పిల్లని. అప్పట్లో 'గొడవ పిల్లా' అనేవాడు, ఉద్యోగం వచ్చాక 'పేపరు పిల్లా' అంటున్నాడు. ఆరేళ్లుగా ఆయనకు బీపీ. పొద్దున్నే ఒక మాత్ర. అదంటే ఆయనకు ఒళ్లుమంట. పాదాలు వాస్తున్నాయనీ, బూట్లు బిగుస్తున్నాయనీ, సాయంత్రానికి బ్రేకు మీద కాలు మొద్దుబారుతోందనీ ఒకటే గోల. మాత్ర మార్చమని డాక్టర్ని అడుగు బావా అంటే వినడు.

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్తే, బావ మిక్సీ ముందు నిలబడి ఉన్నాడు. గట్టు మీద, చొక్కా మీద అంతా ఎర్రటి మరకలు.

"మీ బావ వంటింట్లో అడుగుపెట్టాడు, సూర్యుడు ఏ వైపు పొడిచాడో చూడవే!" అంది అక్క.

"తాగు పేపరు పిల్లా, నీ మందే!" అని బావ నాకూ ఒక గ్లాసు అందించాడు.

మట్టి వాసన కొట్టింది. ముఖం చిట్లించాను. ముగ్గురం పడీ పడీ నవ్వాం. మాత్ర వేసుకుంటున్నావా బావా అని ఒక్క మాట అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడు వారాల తర్వాత, పొద్దున పదకొండింటికి అక్క ఫోన్ చేసింది. స్టాపులో బస్సు ఆగిందట. కదిలిద్దామంటే గేరు మీదకు బావ చెయ్యి లేవలేదట. అప్పటికి బస్సులో నలభై మంది ఉన్నారు. కండక్టరే ఆయన్ని ఆస్పత్రికి చేర్చాడు.

పక్షవాతం, సమయానికి తెచ్చారు కాబట్టి ప్రాణానికి భయం లేదు, చెయ్యి సంగతి ఇప్పుడే చెప్పలేం అంది డాక్టరమ్మ. "బీపీ మందులు సరిగ్గా వాడుతున్నారా?" అని అడిగింది. అక్క పర్సులోంచి నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్క తీసి ఇచ్చింది. డాక్టరమ్మ చదివింది.

"ఎవరమ్మా ఈ చెత్త రాసింది?"

అక్క నా వైపు చూడలేదు. చూసి, నాలుగు తిట్టినా బాగుండేది.

"నేనేనండి," అన్నాను.

లోపల బావ మూతి కొంచెం ఒక పక్కకు జరిగి ఉంది. నన్ను చూసి నవ్వబోయాడు. "నీ తప్పేం లేదులే. నువ్వు అబద్ధం రాయవుగా. నేనే... రసంలో నీళ్లు ఎక్కువ కలిపానేమో." నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మెల్లగా కూడబలుక్కుని ఇంకో మాట అన్నాడు. "డిపోలో మావాళ్లకి చెప్పు... నీళ్లు కలపొద్దని."

"డిపోలో ఎవరికి బావా?"

"నోటీసు బోర్డుకి అంటించాగా."

ఆఫీసుకు పరుగెత్తాను. సవరణ వేయాలి సార్ అన్నాను. కత్తెర సార్ బావ సంగతి విని నిజంగానే నొచ్చుకున్నాడు. "వేద్దామమ్మా, ఎందుకు వెయ్యం! ఈ వారమంతా పేజీ నిండిపోయింది. ఖాళీ దొరకనీ," అన్నాడు. ఆయన్నేం అనను? ఇన్నేళ్లూ ఆ ఖాళీలు చేసిందీ నేనే, నింపిందీ నేనే.

అటు నుంచి అటే డిపోకు వెళ్లాను. భోజనాల వేళ. డ్రైవర్ల విశ్రాంతి గదిలో ఏడెనిమిది మంది క్యారియర్లు విప్పుకుని కూర్చున్నారు. బోర్డు మీద డ్యూటీ చార్టు పక్కనే నా వార్త ఉంది. కింద బావ పెన్నుతో రాశాడు: 'మా మరదలు రాసింది. నమ్మి తాగొచ్చు.'

దాన్ని లాగేశాను. ఆ మరదల్ని నేనేనని చెప్పాను. ఇందులో ఒక పేరా ఉండాలి, అది నేనే కోశాను, మాత్రలు మానొద్దు, మా బావ ఇవాళ అందుకే ఆస్పత్రిలో ఉన్నాడు అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మాత్ర ఎవరైనా మానేశారా అంటే ముగ్గురు చేతులెత్తారు. కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన ఒకడు ఆ ముగ్గురిలో ఉన్నాడు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, నా దగ్గరకు వచ్చాడు.

"మీ బావకి అలా అయిందంటే మాకూ బాధగానే ఉందమ్మా. కానీ మీరు కంగారులో ఉన్నారు. ఇప్పుడు మీరు చెప్పిందంతా పేపర్లో వచ్చిందా?"

"రాలేదండి."

"మరి? వచ్చాక చూద్దాంలెండి," అన్నాడు. నా చేతిలోంచి ఆ ముక్క మెల్లగా తీసుకుని, ముడతలు సాపు చేసి, మళ్లీ బోర్డుకు గుచ్చాడు.