ముడి ఉన్న వైపు ఇంజను

బండి పేరు పిచ్చుక. రంగు వెలిసి బూడిదగా తయారైందని ఇప్పుడెవరో పెట్టిన పేరు కాదు, కొన్న రోజునే అత్త పెట్టింది. ఇరవై రెండేళ్ళు ఆ బండినే టాక్సీగా తిప్పి ఇద్దరు కొడుకులను పెంచింది. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె స్టీరింగత్తే. శుక్లాలు ముదిరి, ఒక కంటికి ఆపరేషను చేసినా చూపు సరిగా కుదురుకోక, కిందటేడు తాళంచెవి తీసి చిన్నకోడలి చేతిలో పెట్టింది. "నడుపుకో. గేరు మార్చేటప్పుడు మాత్రం దాన్ని ఏడిపించకు," అంది. అంతే.

చిన్నకోడలు దర్జీ. ఊరి చివర గుట్ట మీద వృద్ధాశ్రమం ఉంది. చేతులు పైకెత్తలేనివాళ్ళకు, మంచం దిగలేనివాళ్ళకు, భుజం మీదా పక్కనా విచ్చుకునే చొక్కాలూ గౌన్లూ కుడుతుంది. ప్రతి గురువారం కుట్టుమిషను, బట్టల మూట బండిలో వేసుకుని వెళ్ళి, ఒక్కొక్కరికీ తొడిగి చూసి, పట్టేసిన చోట అక్కడికక్కడే విప్పి కుట్టి వస్తుంది. ఆ గుట్టకు బస్సు లేదు.

ఎనిమిది నెలలుగా పిచ్చుకకు జబ్బు. చదును మీద బాగానే పోతుంది. ఎత్తు కనబడితే చాలు, దగ్గు మొదలు. పోయిన గురువారం గుట్ట మీద మూడో మలుపులో పూర్తిగా ఆగిపోయి నాలుగు బారలు వెనక్కి జారింది. ముందు సీట్లో అత్త ఉంది. మూట విప్పకుండానే ఇద్దరూ ఇంటికొచ్చారు.

ఆ మాట బావగారి చెవిన పడింది. అత్త పెద్దకొడుకు ఆయన. చెడ్డవాడు కాదు, భయస్తుడు. వస్తూనే గుమ్మంలో నిలబడి, "అమ్మ లోయలో పడేదాకా చూస్తూ కూర్చుంటారా?" అని అరిచాడు. ఆదివారం నాలుగింటికి తుక్కు సామాను కొనేవాడిని వెంటబెట్టుకొస్తానన్నాడు.

అత్త ఎదురు చెప్పలేదు. కోడలికి వింతగా తోచింది అదే. మాటకు మాట బాకీ ఉంచే మనిషి కాదు అత్త. అలాంటిది, "ముసలిదైపోయిందిలేరా. దానికీ నాకూ ఒకేసారి వచ్చింది," అని గోడ వైపు తిరిగిపోయింది.

"నాలుగింటికి కదా బావగారూ," అంది కోడలు. ఆ ఇంట్లో ఆమె గొంతు వినబడటమే తక్కువ. అందరూ తలలు తిప్పారు. "ఆలోపల అది గుట్టెక్కితే?"

"ఎక్కితే ఉంచుకోండమ్మా. గుర్రం ఎగరావచ్చు!"

శనివారం కోడలు మెకానిక్కును అడిగింది. ఆదివారం కొట్టు తీయనన్నాడు కానీ, జబ్బు విని మందు చెప్పాడు. "ఎత్తులోనే ఆగుతోందంటే పెట్రోలు చాలినంత అందట్లేదన్న మాట. ఫిల్టరు మార్చి చూడండి." ఆమె అటునుంచి అటే వెళ్ళి కొత్త ఫిల్టరు, రెండు క్లిప్పులు కొనుక్కొచ్చింది.

ఆదివారం ఉదయం భర్త షిఫ్టుకు పోతూ, "విప్పడం సరే, మళ్ళీ బిగించడం వచ్చా?" అన్నాడు.

"మీ పెళ్ళికోటు నాలుగుసార్లు విప్పి కుట్టాను. ఎక్కడైనా ఊడిందా?"

అతను పొట్ట తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

పెరట్లో, ఆరుబయట పని మొదలుపెట్టింది. రెండు మందపాటి చెక్కదిమ్మెల మీదికి వెనక చక్రాలు ఎక్కించింది. ముందు చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టింది. అత్త స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చుంది. అమ్మేయడానికి ఒప్పుకున్న మనిషే, పనిముట్ల చప్పుడు వినబడేసరికి కాళ్ళు నిలవలేదు.

"జాకీ పెట్టలేదు కదా?"

"లేదత్తయ్యా, దిమ్మెలే."

"అదీ. జాకీ చుట్టంలాంటిది. పైకెత్తేదాకా ఎత్తి, అవసరానికి జారుకుంటుంది. బ్యాటరీ తీగ విప్పావా?"

"విప్పాను. ఇసుక బకెట్టు కూడా పెట్టాను."

అంతలో ప్రహరీ మీదుగా పక్కింటాయన తల, ఆ తలకు వేలాడుతూ సిగరెట్టు కనబడ్డాయి. అత్తకు కనబడలేదు కానీ వాసన తగిలింది. "ఒరే నాయనా! ఇక్కడ పెట్రోలు విప్పుతున్నాం. అది ఆర్పుతావా, నీ ఇల్లూ నా ఇల్లూ కలిపి లేపేయమంటావా?" తల గోడ వెనక్కి మునిగిపోయింది.

కోడలు వెల్లకిలా బండి కిందికి దూరింది. ట్యాంకుకు కాస్త ముందుగా, మట్టి పేరుకుపోయి, చిన్న మరచెంబంత రేకు డబ్బా. అటొక రబ్బరు గొట్టం, ఇటొక రబ్బరు గొట్టం. అదే ఫిల్టరు.

వెంటనే దాని మీద చెయ్యి వేయలేదు. పని నేర్పినావిడ ఆమెకు మొదటిరోజు చెప్పిన మాట ఒక్కటే: విప్పే ముందు గుర్తు పెట్టు. దర్జీలకు కొలత కోసం ఇచ్చే పాత చొక్కాను ఆది అంటారు. ఆది చేతిలో ఉంటే టేపు కూడా అక్కర్లేదు. దాన్ని నమ్మి ఎన్ని వందల చొక్కాలు కత్తిరించిందో. కాబట్టి జేబులోంచి సుద్దబిళ్ళ తీసి, పాత ఫిల్టరుకు ముందు వైపు, అంటే ఇంజను వైపు, కొసన 'ము' అని రాసింది. కంపెనీ పేరు మీద మట్టి తుడిచి, అక్షరాలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూసుకుంది. పువ్వుల గుడ్డకు తల ఏదో కాలు ఏదో చూసుకున్నట్టు.

ట్యాంకు వైపు గొట్టానికి గుడ్డ చుట్టి, పట్టకారుతో నొక్కి కట్టేసింది. పాత క్లిప్పులు తుప్పుపట్టి కరుచుకున్నాయి. ఒకటి పావుగంటకు లొంగింది. రెండోది లొంగనే లేదు.

"లాగకు," అంది అత్త పైనుంచి. "మెలిపెట్టు. ముందు కదిలించి తర్వాత లాగాలి. మనుషులకూ అంతే."

మెలిపెట్టింది. గొట్టం ఊడింది, పెట్రోలు మణికట్టు మీదుగా చంకదాకా చల్లగా పాకింది. పళ్ళెం కింద పెట్టి, ఊపిరి బిగబట్టి రెండోది కూడా ఊడదీసింది. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టుకుని, అక్షరాలు అటే పోయేటట్టు చూసి బిగించింది. కొత్త క్లిప్పులు వేసి స్క్రూలు తిప్పింది. బయటికొచ్చేసరికి రెండున్నర దాటింది.

గొట్టానికి కట్టిన పట్టకారు తీసేసి, బ్యాటరీ తీగ తగిలించి తాళం తిప్పింది. మొదటిసారి కుయ్యోమంది. రెండోసారి కుయ్యోమంది. మూడోసారి అందుకుంది. సన్నగా, ఎడతెగకుండా, పోగు తెగని కుట్టులా మోగింది.

"విన్నావా! గొంతు విచ్చుకుంది దానికి," అంది అత్త. చాలా రోజులకు ఆమె ముఖం విప్పారింది.

కోడలు ఇంజనును అలా తిరగనిచ్చి, పాత ఫిల్టరులో ఏం పేరుకుందో చూద్దామని దూరంగా తీసుకెళ్ళి తెల్లపళ్ళెంలో వంచింది. కాటుకలాంటి మడ్డి కారింది. డబ్బా చుట్టూ గుడ్డతో తుడిచింది. మట్టి కింద, రేకు మీద, రంగేమీ లేకుండా ఉబ్బెత్తుగా చిన్న బాణం గుర్తు ఉంది.

బాణం మొన ఒక కొసను చూస్తోంది. సుద్దతో రాసిన 'ము' ఇంకో కొసన ఉంది.

డబ్బాను అటూ ఇటూ తిప్పి మళ్ళీ చూసింది.

"అత్తయ్యా, ఫిల్టరు మీద బాణముంటే అది ఎటు చూడాలి?"

"ఇంజను వైపు. పెట్రోలు పోయే దారి అది. ఆ మాత్రం తెలీకుండానే దూరావా కిందికి?"

ఇంజను హాయిగా మోగుతూనే ఉంది. ఈ పూటకు గుట్ట ఎక్కేస్తుంది. కొత్త ఫిల్టరు, ఎటు పెట్టినా ఇవాళ్టికి పని జరుగుతుంది. బావగారు చూసి వెళ్ళిపోతారు. ఎవరికీ తెలీదు. కానీ కొలత తప్పిన చొక్కా కూడా హేంగరుకు వేలాడినంతసేపు బాగానే ఉంటుంది. తొడుక్కున్నవాడికే చంకలో పట్టేస్తుంది. ఇంకొన్ని నెలలకు మళ్ళీ అదే మూడో మలుపు. పక్కసీట్లో మళ్ళీ అత్త.

వెళ్ళి తాళం తిప్పి ఆపేసింది.

"ఎందుకాపావే?"

"నేను తిరగేసి పెట్టానత్తయ్యా. మళ్ళీ విప్పాలి."

అత్త వెంటనే తిట్టలేదు. తల పక్కకు వంచి, బేరానికొచ్చిన మనిషి మాటలో నిజమెంతో వినేటట్టు విన్నది.

"పాతదాన్ని చూసి పెట్టానన్నావుగా?"

"ఊఁ."

"చూసి పెడితే నువ్వు నూలుపోగంత కూడా అటూ ఇటూ చేయవు. ఇలా ఇవ్వు దాన్ని."

కోడలు ఇవ్వలేదు. అత్త చాపిన చెయ్యి దించలేదు. చివరికి ఇచ్చింది. అత్త బొటనవేలు రేకు మీద మెల్లగా పాకి, బాణం దొరకగానే ఆగింది.

"సుద్ద ఏ కొసన పెట్టావు?"

బాణం చూడని కొసన అత్త వేళ్ళకు పొడిపొడిగా అంటిన సుద్దే జవాబు చెప్పింది.

ఎనిమిది నెలల కిందట, కంటికి కట్టు విప్పిన వారానికే, ఎవరు వద్దన్నా వినకుండా ఆ ఫిల్టరు మార్చింది అత్తే. ఇంకా నాకు చాతనవుతుందని చూపించుకోవాలనుకుంది. దగ్గు మొదలైంది ఆ తర్వాతే.

"నువ్వు చూసి పెట్టిన ఆది నాదే కదే," అంది అత్త. "ఎనిమిది నెలలు దాన్ని తిట్టాను. ముసలిదానా అన్నాను. పాపం, ముక్కు మూసి పరుగెత్తమంటే ఎలా పరుగెడుతుంది?"

ఏడుస్తుందేమోనని కోడలు భయపడింది. అత్త ముక్కు చీదుకుని, ఫిల్టరుతో స్టూలు మీద ఠంగుమని కొట్టింది.

"ఇంకా నిలబడ్డావేం? మూడు కొట్టింది. దూరు!"

ఈసారి సుద్ద అక్కర్లేకపోయింది. బ్యాటరీ తీగ మళ్ళీ విప్పి, గొట్టం నొక్కి కట్టి, క్లిప్పు వదులు చేసి, మెలిపెట్టి, లాగి, తిప్పి పెట్టింది. బాణం మొన ఇంజను వైపు. బిగించబోతుంటే అత్త అంది: "మళ్ళీ ఎవరూ తిరగేయకుండా గుర్తు పెట్టు. సుద్ద కాదు, చెరిగిపోతుంది."

కోడలు జేబులో బొత్తాలు కుట్టే మందపు దారం ఉంది. ఇంజను వైపు గొట్టానికి నాలుగు చుట్లు చుట్టి, గింజంత ముడి వేసింది.

అప్పుడే గేటు కిర్రుమంది. మూడున్నరే. బావగారూ, ఆయన వెనక తుక్కు సామాను ఆయనా వచ్చారు. బండి కింద నుంచి రెండు పాదాలు మాత్రం బయటికున్నాయి. బావగారు ఆ పాదాలతోనే మాట్లాడాల్సొచ్చింది.

"ఇంకా ఎందుకమ్మా ఈ తంటా? బండి అయిపోయిందని చెప్పానుగా!"

"బండి కాదురా," అంది అత్త. "నేను తిరగేసి బిగించాను. నీ మరదలు సరిచేస్తోంది. బేరానికొచ్చినవాళ్ళు నాలుగయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి."

తుక్కు సామాను ఆయన చక్కగా కూర్చున్నాడు. బావగారు తల్లి ముఖం చూసి, తనూ కూర్చున్నాడు. తప్పు నాదని తల్లి ఒప్పుకోవడం ఆయన పుట్టి బుద్ధెరిగాక విన్నది అదే మొదలు.

నాలుగుకు పది నిమిషాలుండగా కోడలు పట్టకారు తీసి, బ్యాటరీ తీగ తగిలించి, బండిని దిమ్మెల మీంచి దించి, చేతులు కడుక్కుంది. కిందికి వంగి గొట్టాల దగ్గర చెమ్మ లేదని వేలితో తడిమి చూసుకుంది. లోపలికెళ్ళి గురువారం విప్పని మూట తెచ్చి వెనక సీట్లో పెట్టింది, మిషను డిక్కీలో పెట్టింది.

"మూటెందుకు?" అన్నాడు బావగారు.

"ఎలాగూ పైకి పోతున్నాం కదా."

అత్త ముందు కూర్చుంది. బావగారూ తుక్కు సామాను ఆయనా వెనక ఇరుక్కున్నారు. చోటు చాలక మూట తుక్కు సామాను ఆయన ఒళ్ళోకి చేరింది. మొదటి మలుపు దాటింది. రెండోది దాటింది. మూడోది కనబడింది. బావగారు తలుపు పిడి పట్టుకున్నాడు. అత్త కుడికాలు, అక్కడ పెడలేమీ లేకపోయినా, కింది పట్టాను బలంగా నొక్కుతోంది. కోడలు గేరు తగ్గించింది, మెత్తగా, ఏడిపించకుండా. పిచ్చుక ఒక్కసారి కూడా దగ్గలేదు. మలుపు తిరిగి, వృద్ధాశ్రమం గేటు ముందు ఆగింది.

బావగారు పిడి వదిలి చెయ్యి దులుపుకున్నాడు. "సరే. కానీ ఇంకోసారి ఫిల్టరు మార్చాల్సొస్తే మాత్రం మెకానిక్కును పిలవండి."

"ఎందుకురా?" అంది అత్త. "ముడి ఉన్న వైపు ఇంజను. కళ్ళు మూసుకుని మారుస్తాను."

"కిందటిసారి మాత్రం తెరుచుకుని మార్చావా?" అన్నాడు కొడుకు. అత్త పకపకా నవ్వింది.

వెనక నుంచి మూట చాటున సన్నటి గొంతు వినిపించింది. "అమ్మా, బేరం లేదని అర్థమైంది. నన్నెవరైనా కిందికి దింపుతారా?"

కోడలు అప్పటికే మిషను దించి, మూట కోసం చేతులు చాపింది.

"ఇరవై మూడు చొక్కాలు తొడిగి చూడాలండీ," అంది. "కాసేపు కూర్చోండి."