పక్క సీటు

లిఫ్టులు బాగుచేసే అతన్ని ఆ వీధిలో అందరూ విజిల్ అనే పిలుస్తారు. ఆ విజిల్ వేసేది అతను కాదు, అతని కారు. రెండే సీట్లున్న పాత జపాన్ కారు. దానికి ఇంజను జోరు పెంచే పెద్ద టర్బో, లావుపాటి సైలెన్సరు తనే బిగించుకుని, ఏళ్ల తరబడి ఇరుగుపొరుగుల నిద్ర చెడగొడుతున్నాడు. అలాంటివాడు ఉన్నట్టుండి నెట్‌లో అమ్మకానికి పెట్టేసరికి, భార్య పోరు పడలేకే అనుకున్నారంతా.

పోరూ లేదు, పాడూ లేదు. టర్బోకి ఆయిల్ అందించే గొట్టం జాయింటు దగ్గర కారుతోంది. తన చేత్తో బిగించిందే. గట్టిగా తొక్కితే ఆ ఆయిల్ ఎర్రగా కాలే ఇనుము మీద పడి అంటుకుంటుంది. బాగుచెయ్యాలంటే సగం ఇంజను విప్పాలి. విప్పడానికి ఒళ్లు వంగలేదు, ఉన్నది చెప్పడానికి నోరు రాలేదు. శుభ్రంగా తుడిచేశాడు. కొనేవాడి పక్కన కూర్చుని మెల్లగా నడిపిస్తే గండం గట్టెక్కినట్టే అనుకున్నాడు.

కొనడానికి వచ్చినవాడు వెల్డరు. వస్తూనే బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"చల్లగానే ఉంది. లోపం తెలియకుండా ముందే వేడిచేసి ఉంచలేదు, మంచిదే," అని తాళం అందుకున్నాడు. విజిల్ పక్క సీటు తలుపు తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరొద్దండి. అమ్మేవాళ్లని నేను ఎక్కించుకోను. కబుర్లు చెప్పి ఇంజను చప్పుడు విననివ్వరు."

"మరి మీ ఒక్కరికే బండి ఎలా ఇచ్చేస్తామండీ?"

"మీ ఇంట్లోవాళ్లెవరినైనా పంపండి."

గుమ్మంలో నిలబడ్డ భార్య అప్పటికే చెప్పులేసుకుంది. "నేనొస్తాలెండి. ఇన్నాళ్లూ నాకు సవతిలా ఉంది, సాగనంపొద్దూ?"

విజిల్ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వెందుకు? నీకు కళ్లు తిరుగుతాయి."

"నీ పక్కన కూర్చుంటే తిరగనివి, ఇప్పుడు తిరుగుతాయా?"

గొట్టం కారుతోంది. ఆ ఒక్క ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా ఆమె బెల్టు పెట్టేసుకుంది.

"మెల్లగా పోనివ్వండి," అన్నాడు. అంతకన్నా పిరికి మాట అతను జన్మలో అని ఉండడు.

వీధి మలుపుదాకా కారు బుద్ధిగానే వెళ్లింది. మలుపు దాటాక పెద్ద రోడ్డు మీద టర్బో ఈల మొదలైంది. భార్యకి ఫోన్ చేశాడు. వంటింట్లో మోగింది. ఈల సన్నబడుతూ, పైపైకి పోతూ, ఠక్కున తెగిపోయింది. చెవులు రిక్కించినా ఇంక ఏమీ వినపడలేదు. షెడ్డులోకి దూకి, గోడకి తగిలించిన మంటలార్పే సిలిండరు లాక్కుని పరుగెత్తాడు.

మలుపు అవతల కారు రోడ్డు పక్కన ఆగి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. మంట ఆరిపోయి, పల్చటి పొగ మాత్రం లేస్తోంది. వెల్డరు చేతిలో, మంట మీద కప్పి ఆర్పిన అతని కోటు మాడి మసైంది. భార్య నిక్షేపంగా ఉంది. విజిల్‌కి ఏడుపొచ్చేసింది.

"వాసన రాగానే ఈయన ఆపేశారు," అంది. "నీకిది ముందే తెలుసంటున్నారు. ఊరుకుంటానా? తెలిస్తే నన్నెందుకు ఎక్కనిస్తాడని దెబ్బలాడాను. నువ్వే చెప్పు!"

వెల్డరు విజిల్ చేతిలోని సిలిండరునే చూస్తున్నాడు. ఆమె కూడా అటు చూసింది.

"మేమింకా ఎవరికీ చెప్పలేదే," అంది మెల్లగా. "మంటలని నీకెవరు చెప్పారు?"