వార్డు ముఖం

మా ఆయన ఫియట్ కారు తప్ప మరో బండి మీద చెయ్యి వేసేవాడు కాదు. హిందూపురంలో పరిగి రోడ్డు పక్కన మా షెడ్డు. అంబాసిడర్ వచ్చి ఆగితే లోపలి నుంచే చెయ్యి ఊపి పొమ్మనేవాడు. మారుతి వస్తే అదీ లేదు, అటు తిరిగి కూర్చునేవాడు. "ఇంటికొచ్చిన బేరాన్ని తరిమేస్తాండావే, నీకేమన్నా దెయ్యం పట్టిందా?" అని నేను తగులుకుంటే, "నీ ఉద్యోగం ఉండాది గదా ఎస్తేరూ" అనేవాడు. సిగ్గూ ఎగ్గూ లేని మనిషి. నిజమే, నేను పెద్దాసుపత్రిలో నర్సును. ఆ ధైర్యంతోనే ఆయన తిక్క అన్నేళ్లు సాగింది.

ఆయన పేరు ఎల్లప్ప. పాస్టరుగారు పెట్టిన ఏలీయా అనే పేరు చర్చి దాటి బయటికి రాలేదు. ఊరందరికీ ఫియట్ ఎల్లప్ప. చిన్నతనంలో బొంబాయికి పారిపోయి, అక్కడ ఒక పార్సీ ముసలాయన గ్యారేజీలో పని నేర్చుకున్నాడట. పనితో పాటు పిచ్చి కూడా అక్కడే అంటించుకుని వచ్చాడని నా అనుమానం. షెడ్డు గోడకు యేసుప్రభువు క్యాలెండరు, దాని పక్కనే స్కూలు అట్లాసులోంచి చించిన ఇటలీ పటం. అందులో టూరిన్ అనే ఊరి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. ఫియట్లు పుట్టిన ఊరది. ఒకసారి మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. దేనికోసం ప్రార్థించమంటారని పాస్టరుగారు ఒక్కొక్కరినీ అడుగుతుంటే బిడ్డల చదువులని కొందరు, వానలని కొందరు చెప్పారు. మా ఆయన వంతు వచ్చింది. "ఇటలీ దేశంలో ఇంజన్లు సేసేవాళ్ల కోసం ప్రార్థన సెయ్యండి అయ్యగారూ" అన్నాడు. పాస్టరుగారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఈయన మాత్రం కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని, వినయంగా నిలబడ్డాడు.

ఎన్ని తిక్కలున్నా చెవి మాత్రం దేవుడిచ్చిన చెవి. ఇంజను ఆన్ చేయించి, పక్కన నిలబడి వినేవాడు. ఓనరు ఏదైనా చెప్పబోతే, "నువ్వు నోరు మూసుకో అప్పా, అది మాట్లాడతాండాది" అనేవాడు. ఎంత పెద్ద మనిషికైనా అదే మర్యాద. విని, ఎక్కడ విప్పాలో అక్కడే విప్పేవాడు. ఆదివారం చర్చిలో ప్రసంగం మధ్యలో లేచి చెప్పులేసుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. "ధర్మవరం సావుకారు వస్తాండాడు" అని గొణిగి వెళ్లిపోయేవాడు. మేం ఇంకో పాట పాడిన తర్వాత గాని ఆ కారు మా వీధి మలుపు తిరిగేది కాదు.

ధర్మవరం సావుకారు అంటే పట్టుచీరల వ్యాపారి భాస్కరయ్య. వాళ్ల నాన్న కొన్న బూడిదరంగు ఫియట్ ఆయనది. వెనక సీటు నిండా చీరల మూటలు వేసుకుని, పెనుకొండ మీదుగా హిందూపురం వచ్చి, అంగళ్లకు సరుకు ఇచ్చి, తిరిగి వెళ్లేముందు మా షెడ్డులో ఆగేవాడు. కారుకు ఏమీ లేకపోయినా ఆగేవాడు. ఇద్దరూ బానెట్ ఎత్తి, లోపల చూస్తూ గంటలు గంటలు నిలబడేవాళ్లు. ఆడవాళ్లకు కబుర్లెక్కువని ఎవరన్నారో గాని వాళ్లు ఈ ఇద్దరినీ చూడలేదు.

తొంభై ఆరులోనో ఏడులోనో ఒక ఆదివారం, చర్చి గేటు దగ్గరే కారు హారను మోగింది. భాస్కరయ్య కారు. అందరం తలలు తిప్పాం. మా ఆయన తిప్పలేదు. పాటల పుస్తకంలోకి చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు కావాలనే వెనక నడిచి, "ఎల్లప్పా" అని పేరు పెట్టి పిలిచాను. పెళ్లయిన నాటి నుంచి ఆ పేరుతో నేను పిలిచింది లేదు. ఆయన తన మానాన తాను నడుస్తూనే ఉన్నాడు.

ఇంట్లో ఎదురుగా కూర్చోబెట్టి, నోరు తెరిచి తెరిచి అడిగాను. "ఎన్నాళ్ల నుంచి?"

"శానా దినాలైంది" అన్నాడు. "ఇంజను మీద చెయ్యి పెట్టి, అదురు సూసి నెట్టుకొస్తాండా."

నర్సు ఇంట్లో ఉండగా ఇంత కాలం దాచాడు! కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. బెంగళూరు తీసుకుపోయాను. నరం చచ్చిపోయింది, తిరిగి రాదన్నారు. చెవికి మిషను పెట్టి పంపించారు. షెడ్డుకు వచ్చి, ఇంజను ఆన్ చేసి, మిషనుతో విన్నాడు. కాసేపటికే పీకి బల్ల మీద పడేశాడు. "అన్ని బండ్లూ రేకు డబ్బాల మాదిరే మోగుతాండాయి. ఇది నాకొద్దు" అన్నాడు.

తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. అలా పట్టుకునే అలవాటు ఆ మనిషికి లేదు. "ఎవురికీ సెప్పొద్దు ఎస్తేరూ. చెవిటోని చేతికి బండి ఎవురిస్తారు? ఈ పని పోతే నేను దేనికీ పనికిరాను. కూసోని సచ్చిపోవల్ల, అంతే."

ఆ పిచ్చి పోతే పీడా పోయిందని సంతోషించవలసిన దాన్ని. అన్నేళ్లు ఆ కార్లను తిట్టుకున్నాను. కానీ ఆ ముఖం చూస్తే వద్దనడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు డ్యూటీ దిగి వస్తూ నా పాత స్టెతస్కోపు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

అప్పుడు మొదలైంది నా రెండో చదువు. బాగున్న ఇంజనులో ఆయనే ఏదో ఒకటి వదులు చేసేవాడు. నేను స్టెతస్కోపు ఆనించి విని, ఏం వినిపించిందో మూతితో చేసి చూపించేదాన్ని అనుకోండి, వీధిలో పోయేవాళ్లు చూస్తే ఇద్దరికీ మతిపోయిందనుకోవాలి. ఆయన భాష నాకు రాదు. కుట్టుమిషను ఆడినట్టుందంటే వాల్వుల దగ్గర వదులని ఆయనకు తెలిసేది. ఆయాసం రోగి ఛాతీలో పిల్లికూతలున్నాయంటే ఎక్కడో గాలి కారుతోందని అర్థం. మెల్లమెల్లగా నాకు కూడా బాగున్న ఇంజనంటే ఏమిటో పట్టుబడింది. చెప్పకేం, బాగుంటుంది ఆ చప్పుడు. ఒళ్లు తేలికైపోతుంది.

బండి తెచ్చినవాళ్లు పడీపడీ నవ్వారు. "ఎల్లప్ప కార్లకు నర్సును పెట్టినాడబ్బా" అని బజారంతా చెప్పుకున్నారు. ఇది కూడా ఆయన తిక్కల్లో ఒకటనుకున్నారు గాని, ఎవరికీ అనుమానం రాలేదు. అయితే వాళ్ల ఎదుట నేను గట్టిగా అరిచి చెప్పకూడదు కదా. అందుకని ఆయన నా ముఖం చూసేవాడు. నేను వింటున్నంతసేపూ, రెంచి పట్టుకుని, నా కళ్లనూ నుదురునూ అలాగే చూస్తూ నిలబడేవాడు. పెళ్లిచూపుల్లో కూడా నన్నంతగా చూడలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. వార్డులో పనిచేసేవాళ్లకు ముఖం ఉండకూడదు. మంచం మీద మనిషి పోతున్నా, బయట నిలబడ్డవాళ్లు మన ముఖం చూసి గుండె పగలకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే హెడ్ నర్సు అనసూయమ్మ నాకది నేర్పింది. నా వార్డు ముఖం గోడ లాంటిది. మా అత్త మా ఆసుపత్రిలోనే పోయింది. బయట నిలబడ్డ ఈయన, "అమ్మకెట్లుండాది?" అని అడిగితే, "డాక్టరుగారు వచ్చి చెప్తారు, కూర్చో" అని ఆ ముఖంతోనే చెప్పాను. అప్పటికే ఆమె ప్రాణం పోయింది. షెడ్డులో అందుకు పూర్తిగా తలకిందులు. లోపల ఏం తోస్తే అది ముఖం మీదికి రావాలి. వార్డు నుంచి వచ్చి, గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి, ముఖం మార్చుకుని లోపలికి వెళ్లేదాన్ని.

అలా కొన్నేళ్లు గడిచాయి. కార్లే తగ్గిపోయాయి. పెనుకొండ డాక్టరు తన కారు అమ్మేశాడు. గాండ్లపెంట మేష్టరు కొడుకులు కొత్తది కొన్నారు. అమరాపురంలో ఒక రైతు కారులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయని ఎవరో నవ్వుతూ చెబితే, నేను కాగితం మీద రాసి చూపించాను. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. చివరికి భాస్కరయ్య కారొక్కటే మిగిలింది.

రెండువేల నాలుగు ఎండాకాలంలో ఆ కారు లారీ వెనక తాడు కట్టుకుని వచ్చింది. భాస్కరయ్య బాగా వంగిపోయాడు. కొడుకు అజిత్ తన కొత్త కారులోంచి దిగి నా దగ్గరికి వచ్చాడు. "నాన్న పోరు పడలేక తెచ్చినాను సిస్టర్. ఇదే ఆఖరు. ఈసారి బాగు కాకుంటే గుజిరీ అంగడికి పాత ఇనుము కింద తూకానికి వేసేస్తాం" అన్నాడు. మంచి పిల్లవాడే, మర్యాదగానే చెప్పాడు. మా ఆయన అతని పెదవులు చూసి అంతా గ్రహించాడు. వెళ్లి బానెట్ ఎత్తాడు.

ఆ ఎండాకాలమంతా ఆ ఇంజనుతోనే. లోపల పిస్టన్లు తిప్పే క్రాంకు అరిగిపోయింది, ఇంక సాన పట్టడానికి కూడా లేకుండా పోయింది. బెంగళూరంతా తిరిగి, ఏదో పాత టాక్సీలోంచి తీసిన క్రాంకు భుజాన మోసుకొచ్చాడు. ఆయాసంతో మెట్ల మీద కూలబడ్డాడు. "నీ గుండె సూపించుకుందాం పా" అని మొత్తుకున్నాను. "ఇది ఆడనీ, ఆమీట పోదాం" అన్నాడు. ఇది ఆడకపోతే ఆయనకు ఇక చేయడానికేమీ ఉండదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. దేవుడా, ఈ ఒక్కటి ఆడించు అని నేను వార్డులో సూదులు వేస్తూ కూడా ప్రార్థించాను. ఇంజను కోసం ప్రార్థన! పాస్టరుగారు వింటే ఏమనుకునేవారో.

బిగించడం పూర్తయిందని కబురు పెడితే భాస్కరయ్య, అజిత్ ఇద్దరూ వచ్చారు. పగటి పూట, అంగళ్లన్నీ తెరిచే ఉన్నాయి. మా ఆయన తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. భాస్కరయ్య సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. నేను స్టెతస్కోపు ఆనించాను. శుభ్రంగా, నిదానంగా ఆడుతోంది. నాకు తెలియకుండానే నవ్వు వచ్చింది. నా నవ్వు చూసి ఆయన నవ్వాడు. భాస్కరయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అజిత్ కూడా సెల్‌ఫోను జేబులో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు.

ఇంజను వేడెక్కింది. అప్పుడు వినిపించింది. అడుగున, లోతుగా, ఎవరో తలుపు కొడుతున్నట్టు ఒక దెబ్బ. ఆగి మళ్లీ ఒకటి. ఆ తర్వాత ఆగలేదు. అది క్రాంకు కొట్టుకునే చప్పుడని నాకు ఆయనే నేర్పాడు. ఆ చప్పుడు వచ్చిన ఇంజనుకు మందు లేదని కూడా ఆయనే చెప్పాడు.

నేనేం చేశానంటే, ముఖం మూసేశాను. కనుబొమ్మ కదలనివ్వలేదు, పెదవి వణకనివ్వలేదు. ఆ కారు ధర్మవరం దాకా పోయి అక్కడ ఆగిపోయినా సరే, ఈ షెడ్డులో ఈ పూట మాత్రం ఆగకూడదనుకున్నాను. తప్పని నేననుకోను. ఆయన నన్ను చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. నవ్వు నెమ్మదిగా తగ్గింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"బాగుండాదయ్యా, ఏమీ లేదు" అన్నాను.

"ఆ మొగం నాకు తెలుసు ఎస్తేరూ" అన్నాడు. "మాయమ్మ పోయినప్పుడు పెట్టుకోనింటివి."

భాస్కరయ్య స్టీరింగు మీద తల ఆనించాడు. అజిత్ తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. మా ఆయన బానెట్ మూసి, దాని మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఇంజను చల్లారేదాకా తీయలేదు. సాయంత్రం గుజిరీవాళ్ల లారీ వచ్చి తీసుకుపోయింది.

షెడ్డుకు తాళం పడింది. ఇటలీ పటం తెచ్చి ఇంట్లో పెట్టుకుందామంటే వద్దన్నాడు. అరుగు మీద కూర్చుని రోడ్డు చూసేవాడు. ఎన్నో కార్లు పోయేవి, ఒక్కదాన్నీ చూసేవాడు కాదు. తనన్న మాట ప్రకారమే కూర్చుని కూర్చుని తగ్గిపోయాడు. నేను తిట్టాను, బతిమాలాను, ఏడ్చాను. తిట్లు వినిపించని మొగుడితో పోట్లాట ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను!

ఇంకో రెండేళ్లకు కాళ్లకు నీరొచ్చింది. మా వార్డులోనే చేర్చాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరుగారు మంచం పక్కకు వచ్చారు. ఆయనకు వినపడదని తెలుసు కాబట్టి అక్కడే చెప్పారు. "గుండె బాగా దెబ్బతినింది సిస్టర్. ఇంక మన చేతుల్లో లేదు. ఇంటికి తీసుకుపోయి దగ్గరుండి చూసుకోండి."

నేను యూనిఫాంలో ఉన్నాను. వింటున్నంతసేపూ నాకు ఒకటే భయం, ఆయన నా ముఖం చూస్తుంటాడని. వార్డు ముఖం పెడితే కనిపెట్టేస్తాడు. మామూలు ముఖం పెడదామంటే అది నా దగ్గర లేదు. ఏ ముఖం పెట్టాలో తేలక, చివరికి తెగించి ఆయన వైపు తిరిగాను.

ఆయన నన్ను చూడటం లేదు. గోడ వైపు తిరిగి పడుకుని, కళ్లు మూసుకున్నాడు. వెనక్కి చెయ్యి చాచి, తడిమి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"నేను సూడనులే ఎస్తేరూ" అన్నాడు. "ఏడ్చుకో."

వార్డులో అందరి ముందూ ఏడ్చాను. నేను ముఖం తుడుచుకుని భుజం తట్టేదాకా ఆయన ఇటు తిరగలేదు.