ఇరవై రెండు సెకన్లు

ఆ ఇంటి కోడలికి ఒక జబ్బు ఉంది. ఏ వస్తువు కనబడినా ఒకసారి చేతిలోకి తీసుకుని బరువు అంచనా కట్టకుండా ఉండలేదు. తొమ్మిదేళ్లుగా పార్సిల్ ఆఫీసు కౌంటర్లో కూర్చుని, వచ్చిన ప్రతి పొట్లాన్నీ ముందు అరచేతిలో, తర్వాత కాటా మీద పెట్టి చూసే మనిషికి అంతకంటే మంచి అలవాట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి చెప్పండి? పైగా ఆరా ఒకటి. ఇందులో ఏముంది, ఎవరికి పంపుతున్నారు, ఇంత చిన్న పెట్టెకు అంత తాడెందుకు? పైకి అడగదు. కానీ తెలిసేదాకా చెవిలో జోరీగ దూరినట్టే ఉంటుంది ఆమెకు.

అలాంటి మనిషి ఈ ఇంటికి వచ్చిన ఆరేళ్లలో ఒక్క వస్తువును మాత్రం ముట్టుకోలేకపోయింది. హాల్లో అద్దాల బీరువాలో ఉండే బొమ్మ విమానం అది. రెండు మూరల రెక్కలు, చెర్రీ పండులాంటి ఎరుపు, ముక్కు దగ్గర చెక్క పంకా, కడుపులో ఆ పంకాను తిప్పే రబ్బరు తాడు. పక్కనే వెండిరంగు కప్పు. దాని మీద ‘ఎగిరే విమానాల పోటీ, ఉత్తమ ఫినిషింగు’ అని చెక్కి ఉంటుంది. ముప్ఫయ్యారేళ్ల కిందట మామగారికి వచ్చిన బహుమతి అది.

మామగారు చెక్క సామానుకు పాలిష్ పెట్టే పనివాడు. అలాంటి ఇలాంటి పనివాడు కాదు. ఎవరింటికి వెళ్లినా కుర్చీ చేతిని వేలితో ఒకసారి రాసి చూసి, నిట్టూర్చి, అప్పుడు కూర్చుంటారు. ఆ విమానం గురించి ఎవరైనా అడిగితే ఆయన చెప్పేది ఒకటే మాట: కప్పు వచ్చిన రోజు నుంచి దాని మీద ఉప్పు కాగితం గానీ, రంగు కుంచె గానీ పెట్టలేదని. మిగతాదంతా అత్తగారు చెబుతారు. పోటీలో పొద్దున విమానాలన్నీ బల్ల మీద పెట్టి నునుపుకీ మెరుపుకీ మార్కులు వేశారట. కానీ మార్కులు ఎన్ని వచ్చినా, మధ్యాహ్నం కనీసం ఇరవై సెకన్లు గాల్లో నిలిచినట్టు కార్డు మీద సంతకం పడితేనే కప్పు ఇస్తారట. ఈయనది ఇరవై రెండు సెకన్లు ఎగిరిందట. ఆ రోజు తనకు ఒంట్లో బాగుండక మైదానానికి వెళ్లలేదు గానీ, ఆ ఇరవై రెండు సెకన్లూ కళ్లారా చూసినట్టే చెబుతారావిడ. వారానికోసారి కప్పు తోముతూ మళ్లీ చెబుతారు.

ఒక రోజు ఆ పోటీలు నడిపిన సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. సంఘాన్ని మళ్లీ నిలబెడుతున్నారట. పాతకాలపు విమానాల పోటీ పెడుతున్నారట. ఆ రోజుల్లో ఫినిషింగుకు మార్కులు తెచ్చుకున్నవాళ్లంతా అదే విమానం తీసుకొచ్చి, బల్ల మీద పెట్టి, ఎగరేసి చూపించాలట. అత్తగారు ఆనందం పట్టలేక ఆ ఉత్తరం పట్టుకుని ఇరుగూ పొరుగూ అంతా తిరిగొచ్చారు. ఇన్నాళ్లకు తను కూడా చూడబోతున్నానని చెప్పుకోవడమే ఆవిడకు సంబరం.

మామగారి ముఖం మాత్రం తేలు కుట్టిన దొంగ ముఖంలా అయిపోయింది. ఆ పూట అన్నం కెలికి లేచారు. మోకాలు నొప్పన్నారు. వెళ్లకపోతే కొంపలేం మునగవన్నారు. కప్పు గెలిచిన మనిషి కప్పు సంగతెత్తితే మొహం చాటెయ్యడమేమిటి? కోడలికి జోరీగ మొదలైంది.

ఉత్తరంతోపాటు నింపి పంపాల్సిన కాగితం ఒకటి ఉంది. పొడవెంత, రెక్కలెంత, బరువెంత. నింపడం కోడలి పని, ఇంట్లో రాతకోతలన్నీ ఆమెవే కాబట్టి. బరువు తెలియాలంటే విమానాన్ని బయటికి తీయక తప్పదు. మామగారు చాలాసేపు నీళ్లు నమిలి, చివరికి బీరువా తాళం ఇచ్చి, తను వెళ్లి వరండాలో కూర్చున్నారు.

ఆమె రెండు చేతులతో దాన్ని ఎత్తింది. ఎత్తగానే చేతులకు తెలిసిపోయింది. పల్చటి చెక్క పుల్లల మీద కాగితం అతికించి చేసిన వస్తువు ఇంత బరువుండకూడదు. వంటింటి కాటా మీద పెడితే మూడు వందల పన్నెండు గ్రాములు చూపించింది. నింపాల్సిన కాగితం అడుగున సన్నక్షరాల్లో, ఈ కొలతల విమానం రెండు వందలు దాటితే రబ్బరు తాడు మోయలేదు, చూసుకోండి అని ఉంది. ఆమె దాన్ని వెల్లకిలా తిప్పింది. పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. ఎంత జాగ్రత్తగా కట్టినా, ఒక్క ఊరు దాటొచ్చిన పెట్టె మీద ఎక్కడో ఒకచోట గీత పడుతుంది. ఈ విమానం పొట్ట మీద గీత లేదు. చక్రాల మీద మట్టి మరక లేదు. తోకకు గడ్డి రాసుకున్న జాడ లేదు. గాల్లోకి వెళ్లింది నేలమీదికి దిగాలి కదా?

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ సైకిలు షాపు దగ్గర ఆగింది. ఆ షాపు అత్తగారి తమ్ముడిది. ఆ పోటీల్లో గడియారం పట్టుకుని సెకన్లు లెక్కపెట్టింది ఆయనే. చేతికి ఎముక లేని మనిషి, నోటికి ‘కాదు’ అనే మాట రాని మనిషి. సగం ఊరి పంక్చర్లు ఊరికే వేస్తారు. ఆమె ఆ రోజు విమానం ఎక్కడ దిగిందని అడిగింది. గడ్డిలో అన్నారాయన. ఏ వైపు గడ్డి అని అడిగింది. ఆయన చక్రాన్ని తిప్పుతూ తిప్పుతూ, ఎండ ఎక్కువగా ఉందమ్మా ఆ రోజు, సరిగ్గా గుర్తులేదు అన్నారు. ఆమె అక్కడితో వదిలేసింది. తెలియాల్సింది తెలిసిపోయింది.

ఇంటికొచ్చి కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. మామగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. అత్తగారు పెరట్లో బట్టలు ఆరేస్తున్నారు.

“అమ్మాయ్, బరువు దగ్గర నూట ఎనభై అని రాయి.”

ఆరేళ్లలో ఆయన ఆమెను ఏదీ అడగలేదు. ఆఫీసు నుంచి ఆలస్యమైతే బస్సుస్టాపు దాకా ఎదురొచ్చే మనిషి. ఈ ఒక్కటీ రాసి పడేస్తే పోయేదేముంది? పెన్ను కాగితం మీద పెట్టింది కూడా. తొమ్మిదేళ్లుగా అలవాటైన చెయ్యి మొరాయించింది.

“మామయ్యగారూ, ఎంత ఉంటే అంతే రాయగలను. ఇంకోలా రాయడం నాకు చాతకాదు.”

ఆయన కోప్పడలేదు. బీరువా వైపు చూశారు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చారు. ఆ రోజుల్లో ఆయనకు తెలిసిందల్లా బీరువాలూ బల్లలూ. పూత మీద పూత వేయడం, ఆరాక రుద్దడం, మళ్లీ వేయడం. విమానానికి రెండు చాలని అందరూ చెబుతున్నా వినకుండా పద్నాలుగు వేశారు. ముఖం కనబడేదాకా వేశారు. బల్ల మీద మొదటి మార్కులు వచ్చాయి. మధ్యాహ్నం రబ్బరు తాడు మెలితిప్పి, చెయ్యెత్తి, వదలబోతూ ఆగిపోయారు. ఆ బరువు అరచేతికి అప్పుడు తెలిసింది. వదిలితే రాయిలా పడి ముక్కలవుతుంది. గాలి ఎక్కువగా ఉందని చెప్పి చెయ్యి దించేశారు. అవతల కార్డు పట్టుకుని బావమరిది నిలబడి ఉన్నాడు. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. కొత్త బావ ముఖం చూశాడు, ఇరవై రెండు అని రాశాడు.

“వద్దని ఒక్క మాట అనలేదు నేను,” అన్నారాయన. “మార్కుల్లో రెండోవాడు మా డ్రాయింగు మాస్టారు. ఒక్క మార్కు తేడా. ఆయన కనబడితే ఇప్పటికీ రోడ్డు దాటి అవతలి వైపుకు పోతాను. అది సరే. మీ అత్తయ్యకు ఏం చెప్పను?”

ఆయన అసలు భయం అదీ. మాస్టారి ముందు తల దించుకోవడం ఒక ఎత్తు, ముప్ఫయ్యారేళ్లు ఆ కప్పు తోమిన మనిషి ముందు దించుకోవడం ఇంకో ఎత్తు. కోడలికి ఆయన్ని చూస్తే జాలేసింది, కొంచెం కోపమూ వచ్చింది. పోనీ వెళ్లొద్దులెండి అని నోటిదాకా వచ్చింది గానీ, అనలేదు. మూడు వందల పన్నెండు అని రాసి, కాగితం ఆయన వైపు తిప్పింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, ఇటివ్వు అని పెన్ను అడిగి, కింద సంతకం పెట్టారు.

పోటీ రోజు పొద్దున అత్తగారి తమ్ముడితో కలిసి నలుగురూ బయలుదేరారు. మైదానంలో పొడవాటి బల్లలు వేసి, వాటి మీద దుప్పట్లు పరిచి ఉన్నాయి. ఒక బోర్డు మీద పాత కార్డులు గుచ్చారు. అత్తగారు తన అంచు చీర సర్దుకుంటూ మొగుడి కార్డు వెతుక్కుంటున్నారు. కోడలి కళ్లు మాత్రం పక్క కార్డు మీద పడ్డాయి. మాస్టారి కార్డు అది. ఇరవై రెండు. మామగారి కార్డు మీదున్న అదే సిరా, తోక వంకరగా ఉండే అదే ‘రెండు’. వెనక్కి తిరిగి చూస్తే, అత్తగారి తమ్ముడు ఇప్పటికీ మెడలో ఆ గడియారం వేలాడదీసుకుని, చెప్పుల వంక చూసుకుంటున్నారు.

మాస్టారు అప్పటికే వచ్చి, చివరి బల్ల దగ్గర పెట్టె విప్పుతున్నారు. నీలం విమానం, రెక్కల మీద సన్నటి తెల్ల గీతలు. మామగారు కప్పు చంకలో పెట్టుకుని తిన్నగా ఆయన దగ్గరికి నడిచారు. వెనకే అత్తగారు. ఆవిణ్ణి దూరంగా పంపే ఉపాయమేదీ దొరకలేదో, ఇక వద్దనుకున్నారో తెలియదు, ఆవిడ వింటుండగానే కప్పు బల్ల మీద పెట్టి అన్నారు.

“ఇది మీదండీ మాస్టారూ. నాది ఆ రోజు ఎగరలేదు. నేను వదల్లేదు.”

అత్తగారు మొగుడి వంక చూశారు, కప్పు వంక చూశారు. పక్కన ఒక కుర్చీ ఉంటే దాన్ని అటు తిప్పుకుని, అందరికీ వీపు పెట్టి కూర్చున్నారు. మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు. తుడుస్తూనే ఉన్నారు. ఎంత మురికి పట్టినా కళ్లద్దాలకు అంతసేపు అవసరం లేదు.

కోడలు ఇక ఆగలేకపోయింది. ఆ నీలం విమానాన్ని ఎత్తి, బరువు చూసి, వెల్లకిలా తిప్పింది. పొట్ట అద్దంలా ఉంది. ఒక్క గీత లేదు.

“మాస్టారూ,” అంది మెల్లగా, “మీరు మాత్రం వదిలారా?”

మాస్టారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. లేదని తలూపారు. ఆ తెల్ల గీతలు గీయడానికి నాలుగు నెలలు పట్టిందనీ, మైదానంలో నిలబడ్డాక చేతులు రాలేదనీ చెప్పారు. ఈ మనిషికి ఎలాగో కప్పు వచ్చింది కదా, నా సంగతి బయటపడకుండా పోయిందని ఇన్నేళ్లూ సంతోషించానన్నారు. ఈయన నన్ను చూసి రోడ్డు దాటుతుంటే, నా దొంగతనం తెలిసిపోయిందనే అనుకున్నానన్నారు. అందరూ ఒక్కసారిగా గడియారం మనిషి వైపు తిరిగారు. పాపం ఆయన, నిప్పులు తొక్కినట్టు కాళ్లు మార్చారు. ఒకరేమో అక్క మొగుడు, ఒకరేమో బళ్లో చేయి పట్టుకుని బొమ్మలేయించిన గురువు, ఎవరికి తక్కువ రాయను, అందుకే ఇద్దరికీ ఒకటే రాశాను అన్నారు. తిట్టడానికి కూడా వీల్లేని న్యాయం.

మామగారు కప్పును అక్కడే వదిలేసి విమానం తీసుకున్నారు. కొత్త రబ్బరు తాడు అంతకుముందు రోజే కట్టించారు. మైదానం మధ్యకు వెళ్లి పంకాను మెలితిప్పడం మొదలుపెట్టారు. అంత బరువుతో లేవదు బావా, ముక్కలైపోతుంది అని బావమరిది అంటూనే ఉన్నారు. ఆయన వినిపించుకోలేదు. చెయ్యెత్తారు. ఆ చెయ్యి గాల్లో ఆగింది. కోడలికి ఇప్పుడు కప్పుతో గానీ, మార్కులతో గానీ పనిలేదు, ఏమవుతుందో చూడాలి, అంతే. ఆయన వదిలేశారు.

ఎర్ర విమానం ముందు కిందికి జారింది. పంకా గిర్రున తిరుగుతూ, మోకాళ్ల ఎత్తులో నిలదొక్కుకుని, బరువైన మనిషి మెట్లెక్కినట్టు కష్టపడి నడుమెత్తు దాకా లేచింది. కొంత దూరం తిన్నగా పోయింది. తర్వాత ముక్కు వంచి, గడ్డిని రాసుకుంటూ, పక్కకు దొర్లి ఆగిపోయింది. మామగారు వయసు మర్చిపోయి పరుగెత్తారు. రెక్క చివర చితికింది, ఒక చక్రం వంగింది. ఆయన దాన్ని ఎత్తుకుని తిరిగొస్తుంటే కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, మనిషి మాత్రం నవ్వుతున్నారు.

“ఎంత?” అని అడిగారు.

బావమరిది గడియారం వంక చూసి, అక్క వీపు వంక చూసి, బావ ముఖం వంక చూశారు. పెన్ను కార్డు మీద తచ్చాడింది.

“ఏడు,” అన్నారు చివరికి. “పోనీ పదిహేను...”

“ఏడే రాయి.”

కుర్చీ కదిలిన చప్పుడైంది. అత్తగారు లేచారు. ఎప్పుడు ఇటు తిరిగారో, ఎంత చూశారో ఎవరికీ తెలియదు. ముఖంలో కోపం తగ్గలేదు, దాచుకునే ప్రయత్నమూ చేయడం లేదు. తిన్నగా వచ్చి తమ్ముడి మెడలోంచి గడియారం ఊడబీక్కున్నారు. దాని మీట ఎక్కడుందో వేలితో తడిమి చూసుకున్నారు.

“ఏమండీ, ఇంకోసారి వదలండి,” అన్నారు. “ఈసారి నేను చూస్తా.”

మామగారు వంగిన చక్రాన్ని సరిచేసుకుని, మళ్లీ రబ్బరు తాడు మెలితిప్పడం మొదలుపెట్టారు.