కున్వానా కడుపులో లాగ్ ఫైళ్ళు

పశువుల సంఘంలో గుమాస్తా సెతున్యా రోజూ పొద్దున్నే ఆఫీసు ఊడ్చి, టీ కాచుకుని, పెరట్లో ఎర్రావు కున్వానాకి ఇంత గడ్డి పడేసి, అప్పుడు కంప్యూటర్ తెరిచేది. మౌన్ పట్నానికి రెండు గంటల దూరంలో ఉన్న ఆ పల్లెలో మనుషులకి వెయ్యి రెట్లు పశువులు. ఏ దూడ ఎవరిదో తేల్చేది ఆఫీసులోని డేటాబేసే.

అది ఏ మార్పు చెయ్యాలన్నా ముందు లాగ్ ఫైల్లో ఓ వరుస రాసుకుంటుంది: ఎన్నింటికి, ఎవరు, ఏది తీసి ఏది పెట్టారు అని. ఆ ఫైళ్ళు పెరిగి పెరిగి డిస్కు నిండిపోవచ్చింది. వేరే చోటికి మార్చాలని సెతున్యా చైర్మన్ కెబొనాంగ్‌కి చెప్పబోయింది.

ఆ మహానుభావుడు బూట్లు రోజుకి నలభైసార్లు తుడిపించుకుంటాడు గానీ, బుర్రకి పుట్టిన్నాటి నుంచీ దుమ్ము దులిపింది లేదు. తనకి అర్థం కానిదల్లా చెత్తే.

"రాసిందే మళ్ళీ రాయడం దేనికి? మతిమరుపు ముసలాళ్ళ పని," అన్నాడు. "నా కంటపడకుండా ఎక్కడన్నా తగలెయ్."

"ఎక్కడైనానా, అయ్యా?"

"నీకు చెవుడు కూడానా?"

ఆఫీసులో ఎక్కడా పట్టనివి కున్వానాకి పెట్టడం అలవాటే. పాత రిజిస్టర్లన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. సెతున్యా సెట్టింగుల్లో లాగ్ ఫైళ్ళు ఉండే చోట డిస్కు పేరు తీసి కున్వానా పేరు రాసి, డేటాబేసుని ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. పెరట్లో ఆవు త్రేన్చింది. పని అయింది.

నెల తిరక్కుండానే బొయిట్‌షెపో అవ్వ లబోదిబోమంటూ వచ్చింది. ఆమె పదకొండు పశువులూ కెబొనాంగ్ పేరు మీద ఉన్నాయట. మొగుడు పోయాక ఆమెకి మిగిలినవి అవే. వాటి పాలతోనే ఆమె పొట్ట నిండేది.

"కంప్యూటర్ అబద్ధమాడదవ్వా," అని కెబొనాంగ్ పళ్ళు ఇకిలించాడు. తను చూడని లాగ్ లోకంలోనే లేదని ఆయనగారి ధీమా.

శనివారం ఊరంతా ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకొచ్చి పంచాయితీలో కూర్చున్నారు. కెబొనాంగ్ కాగితం చూపించాడు. అవ్వ చూపించడానికి కన్నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఇంకేమన్నా సాక్ష్యం ఉందా అని ఊరిపెద్ద అడిగాడు. ఉద్యోగం ఊడుతుందని తెలిసీ సెతున్యా లేచి వెళ్ళి కున్వానాని తోలుకొచ్చింది.

ఊరిపెద్ద ఆవుకి నీళ్ళు పెట్టమన్నాడు. అది కాళ్ళు మడిచి కూర్చుని మొదటి వరుస నుంచి చెప్పసాగింది. లాగ్‌ని మధ్యలోంచి చెప్పడం కుదరదు. ఎవరి దూడకి చెవిబిళ్ళ ఎప్పుడు గుచ్చారో అంతా మూడు గంటలు విన్నారు. కెబొనాంగ్ గురక పెట్టాడు.

"తొమ్మిదో తేదీ, నాలుగూ ఇరవై," అంది ఆవు నములుతూ. "పదకొండు పశువులు. బొయిట్‌షెపో పేరు తీశారు. కెబొనాంగ్ పేరు పెట్టారు. చేసింది కెబొనాంగ్."

గురక ఆగింది. అవ్వ పశువులు అవ్వకేనని ఊరిపెద్ద తేల్చేశాడు.

"అయిపోయిందిగా, దాన్ని తోలుకుపో," అన్నాడు కెబొనాంగ్.

"పూర్తిగా చెప్పనీ," అన్నాడు ఊరిపెద్ద.

"నాలుగూ ఇరవై రెండు. ఇంకో ఆరు పశువులు. చేసింది కెబొనాంగ్," అంది ఆవు. వెనక వరుసలో ఒక ముసలాయన కుర్చీలోంచి లేచాడు. "నాలుగూ ఇరవై అయిదు." ఇద్దరు అక్కచెల్లెళ్ళు లేచారు.

పొద్దు వాలేసరికి ఆ పంచాయితీలో కెబొనాంగ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.