ఎర్ర మౌత్‌పీస్

వంటింటి బల్ల మీద, బాకాకి తగిలించి ఊదే మూడు మౌత్‌పీసులు వరసగా నిలబెట్టి, తిరనాళ్లలో గాజుల కొట్టు ముందు నిలబడ్డ చిన్నపిల్లలా చూస్తోంది యస్నా. ఒకటి తెలుపు, ఒకటి నలుపు, ఒకటి దానిమ్మ గింజ ఎరుపు. మూడూ ప్లాస్టిక్‌వే. పొద్దున్నే పోస్టులో వచ్చాయి. ఒకటి ఉంచుకుని రెండు తిప్పి పంపాలి.

పెళ్లయి రెండు నెలలు. మొగుడు తోమా ఏం చేసినా ఆమెకు ముద్దే. కానీ బాస్ అనే ఆ పెద్ద ఇత్తడి బాకాని ఒంటికి చుట్టుకుని అతను మొదటి స్వరం వదిలినప్పుడు మాత్రం ఆమెకు అరికాళ్ల దాకా జల్లుమంటుంది. అలాంటి తోమా పెదవి, కిందటి నెల ఒక పెళ్లి ఊరేగింపులో, చలికి ఇత్తడి మౌత్‌పీసుకు అతుక్కుపోయింది. లాగేసరికి తోలు ఊడి వచ్చింది. సరిగ్గా పెళ్లికూతురి ఇంటి గేటు ముందు బాస్ ఆగిపోయింది. వాళ్ల కొండల్లో అంతకు మించిన అపశకునం లేదు.

మేళానికి పెద్ద తోమా పెదనాన్న స్టామెంకో. ట్రంపెట్ ఆయనదే, ఆఖరి మాటా ఆయనదే. "ఆదివారం పెళ్లిలో గేటు నుంచి చర్చి దాకా బాస్ ఒక్కసారి ఆగిందా, ఇక అది మా అల్లుడు బొగోలుబ్ భుజమెక్కుతుంది" అని తేల్చేశాడు.

ఇప్పుడు ఆయనే బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చి బల్ల వైపు చూశాడు.

"ఇవేంటే కోడలా? అప్పుడే గిలక్కాయలు కొన్నారా?"

యస్నా చెవులు ఎర్రబడ్డాయి. "మీ అబ్బాయి పెదవికి మందు, మామయ్యా. ప్లాస్టిక్ చలికి అతుక్కోదు."

"మా నాన్న జీవితమంతా ఇత్తడి మీదే ఊదాడు. మంచులో కూడా!"

"అందుకే తాత ఫోటోల్లో ఎక్కడా నవ్వడు పాపం" అన్నాడు పొయ్యి పక్క నుంచి తోమా.

ఆ ఇంట్లో బాసుని చెవులతో తూచరు. కిటికీ గట్టు మీద గ్లాసు నిండా రకియా సారా పోసి పెడతారు. స్వరం నిండుగా పడితే సారా మీద వలయాలు లేస్తాయి. పొయ్యి పక్కన నిలబడి తోమా మూడూ వాయించాడు. నల్లదానికి సారా కాస్త కదిలింది. ఎర్రదానికి ఇంకాస్త. లోతైన తెల్లదానికైతే అంచు దాటి గట్టు మీదికి ఒలికింది.

"తెల్లది! ప్లాస్టిక్ అయితే అయింది, తెల్లదే!" అని స్టామెంకో గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు.

యస్నా మాత్రం కోటు తొడుక్కుంది. "పెళ్లి మన పొయ్యి పక్కన జరుగుతుందా మామయ్యా?"

పెద్దాయన గొణుక్కుంటూ వాళ్ల వెనకే బయటికి నడిచాడు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో మౌత్‌పీసులన్నీ పొయ్యి పక్కనే ఎంచారు మరి.

పెరట్లో మోకాలి లోతు మంచు. తోమా కట్టెల మోపు చుట్టూ ఊరేగింపు నడక నడుస్తూ వాయించాడు. బిగుసుకున్న పెదాలకు తెల్లదాని లోతు చాలా ఎక్కువైంది. రెండు చుట్లకే ఊపిరి మింగేసింది. నల్లదాని అంచున అచ్చు అతికిన సన్నటి గీత మానుతున్న పుండుకి గీసుకుంది. ఎర్రదానితో పది చుట్లు తిరిగాడు, ఇరవై తిరిగాడు. స్వరం తొణకలేదు. కంచె మీది కాకి కూడా ఎగరడం మానేసి వింది. యస్నా అతని వెనకే అడుగులో అడుగేసింది.

"స్వరం సరే" అన్నాడు స్టామెంకో. "కానీ ఆ రంగేంట్రా? ఊరంతా నవ్వదూ? మగాడు దీని మీద ఊదాలి!" అంటూ మెట్టు మీద పొద్దుటి నుంచి పడి ఉన్న పాత ఇత్తడిది తీసి దర్జాగా పెదాలకు ఆనించాడు.

అంతే. అతుక్కుపోయింది.

"మ్మ్! మ్మ్మ్!"

"లాగకండి మామయ్యా, లాగకండి!" యస్నా నవ్వు ఆపుకోలేక, గోరువెచ్చని టీ తెచ్చి ఆయన మూతి మీద బొట్టుబొట్టుగా పోసింది. మౌత్‌పీసు మెల్లగా వదిలింది. ఆయన మీసం తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు:

"ఎర్రది."

ఆదివారం కొండమీద పొద్దున్నే గడ్డకట్టే చలి. పెళ్లికూతురి తండ్రి గేటు స్తంభం మీద రకియా గ్లాసు పెట్టాడు. యస్నా దాని పక్కనే నిలబడింది. తలుపు తెరుచుకుంది. ముసుగులో పెళ్లికూతురు మెట్లు దిగింది. పోయిన పెళ్లిలో బాస్ ఆగిపోయింది ఇలాంటి గేటు ముందే; మేళం అక్కడికి వచ్చింది. యస్నా గ్లాసు వైపే చూసింది.

బాస్ ఆగలేదు. ఇత్తడి చుట్టల మధ్య ఎర్రటి చుక్క ఒకటి మెరుస్తూ, గేటు దాటి, వంపు తిరిగి, చర్చి దాకా ఒకే ఊపున సాగిపోయింది. గ్లాసులో వలయాలు ఒకదాన్నొకటి తరుముకున్నాయి.

చర్చి మెట్ల దగ్గర ఎవరో నవ్వుతూ అరిచారు. "స్టామెంకో మావా, మీ వాడు లాలీపాప్ చీకుతున్నాడేంటి?"

స్టామెంకో ట్రంపెట్ దించాడు. "మా కోడలు ఎంచింది. నోరు మూసుకుని విను!"