ఉల్లిపొర రంగు

కారు ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలోకి తిరగగానే తనూజ సీట్లో కిందికి జారి కూర్చుంది. ముందు సీట్లో ఉన్న కంపెనీ ఏజెంటు హనుమేష్ చేతిలో జాబితా ఉంది. ఊళ్ళో సర్వేకు ఐదిళ్ళు ఎంచింది అతనే. మూడోది మల్లక్క ఇల్లు.

తనూజ బెంగళూరులో ఒక మిక్సీల కంపెనీలో డిజైనరు. వచ్చే ఏడాది మిక్సీలకు ఏ రంగు వేయాలో తేల్చడానికి, పై అధికారి రంగనాథ్‌తో కలిసి వంటిళ్ళు చూడ్డానికి వచ్చింది. మల్లక్క ఆమెకు సొంత పెద్దమ్మ. ఇంటరు చదివిన రెండేళ్ళూ తనూజ ఆ ఇంట్లోనే ఉంది, ఆమె చేతి ముద్దే తింది. ఆఫీసులో మాత్రం తనవాళ్ళకు కర్నూలులో బట్టల వ్యాపారమని చెప్పుకుంది. మగ్గం మాట ఏనాడూ ఎత్తలేదు.

బంధువుల ఇళ్ళలో సర్వే చేయకూడదని కంపెనీ నియమం. ఒక్క మాట అంటే హనుమేష్ ఇంకో ఇల్లు చూసేవాడు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

తలుపు తీసిన మల్లక్క ముఖం వెలిగిపోయింది. ఆమె నోరు తెరిచేలోపే తనూజ చేతులు జోడించి, "నమస్కారమండీ, మిక్సీ కంపెనీ నుంచి వచ్చాం," అంది.

మల్లక్క ఆమె మెడలోని కార్డు చూసింది. వెనకున్న రంగనాథ్‌ను చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుని, "రాండి మేడం, లోపలికి రాండి," అంది.

వంటింట్లో నీలం సున్నం గోడలు, కడప బండ గట్టు, ఒకటే కిటికీ. తనూజ ఫారం తీసింది.

"ఇంట్లో ఎంతమందండీ?"

"నేనొకదాన్నే మేడం. మా ఇంటాయన పోయి రెండేండ్లాయ."

తనూజ గడిలో ఒకటి వేసింది. పెద్దనాన్న దినాలకు ఆమె రాలేదు. కొత్త మోడలు పని ఉందని ఫోన్లో చెప్పి ఊరుకుంది.

రంగనాథ్ అరచేయంత ప్లాస్టిక్ బిళ్ళలు ఎనిమిది గట్టు మీద పరిచాడు. ఒక్కోటి ఒక్కో రంగు. అంతకుముందు రెండిళ్ళలో ఆడవాళ్ళు చూడగానే ఎర్రది చూపించారు. మల్లక్క బిళ్ళలన్నీ ఒడిలో వేసుకుని వాకిట్లోకి పోయింది. ఎండలో ఒక్కొక్కటే తిప్పి చూసింది. మళ్ళీ లోపలికొచ్చి, కిటికీకి దూరంగా గట్టు మూలన పెట్టి చూసింది. నలభై ఏళ్ళు నూలు రంగులు చూసిన కళ్ళవి.

"నల్లది ఈ బండ మింద పెడితే కనపడదు సార్. తెల్లది నాలుగు దినాలకే పసుపు పట్టి పాతదైతాది. ఎర్రది అంగట్లో బాగుంటాది గానీ దినామూ చూడల్లంటే కండ్లకు కష్టం." చివరికి ఒక బిళ్ళ తీసి రంగనాథ్ చేతిలో పెట్టింది. "ఇది ఉల్లిపొర రంగు. కారం చిందినా ఎత్తి చూపదు. చీకటింట్లో గూడా వెలుగుంటాది."

రంగనాథ్ పొంగిపోయి, బిళ్ళ మళ్ళీ ఆమె చేతికిచ్చి ఫోటో తీసుకున్నాడు. "పిల్లలున్నారామ్మా?" అని అడిగాడు.

"కడుపున పుట్టినోళ్ళు లేరు సార్. చెల్లెలి కూతురుండాది. శానా పెద్ద కొలువు."

తనూజ వంగి బిళ్ళలు ఏరుతూ ఉండిపోయింది. మల్లక్క టీ పెడతానంటే టైము లేదన్నది కూడా తనూజే.

పది రోజుల తర్వాత మీటింగులో తెర మీద మల్లక్క చెయ్యి కనిపించింది. రంగు అంటిన వేళ్ళ మధ్య ఆ బిళ్ళ. కింద 'ఇల్లు నంబరు 3, ఒంటరి మహిళ' అని ఉంది. ఉల్లిపొర రంగు ఖాయమైంది. మంచి సర్వే చేశావని అందరూ తనూజకు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఆమె తట్టుకోలేకపోయింది. బయటికి రాగానే, "సార్, ఆమె మా పెద్దమ్మ," అంది.

రంగనాథ్ ఆమెను వింతగా చూశాడు. "ముందే చెప్పాల్సింది. ఇప్పుడు ఆమె జవాబులు, ఫోటో తీసేయాలి. రంగు మాత్రం ఉంచుదాంలే."

ఆదివారం తనూజ ఎమ్మిగనూరు బస్సెక్కింది.

మల్లక్క వాకిట్లో నూలు ఆరేస్తూ ఉంది. "వస్తివా అమ్మీ," అని చెంబుతో నీళ్ళు తెచ్చింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఆ పొద్దు మేడం అని బాగనే పిలిస్తినా? నీ కొలువులో రూలేమో అనుకుంటి."

అవునంటే సరిపోయేది. తనూజ తల వంచుకుంది. "రూలు కాదు పెద్దమ్మా. నిన్నూ ఈ ఇంటినీ నా వాళ్ళని చెప్పుకోడానికి సిగ్గుపడినా."

మల్లక్క చెంబు కింద పెట్టింది. "ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండు గదమ్మీ," అంది. "కూతురు కారులో వచ్చి నీళ్ళు గూడా తాగకుండా పాయనే అని ఈదిలోళ్ళంతా అడిగిరి. కంపెనీ రూలని అందరికీ చెప్పుకుంటి. నేను గూడా అదే నమ్మల్లని చూస్తి."

ఎదురింటి లక్ష్మక్క అరుగు మీద నుంచి కేకేసింది. "తనూజనేనా మల్లక్కా? ఈసారన్నా నాలుగు దినాలు ఉంటాదా?"

తనూజ బదులు చెప్పబోయింది.

"ఏమో లక్ష్మక్కా," అంది మల్లక్క, నూలు దులుపుతూ. "దానికి రూల్సు శానా."